ఆర్కిటిక్ ఊళ్లకు ఆన్‌లైన్ ఆరోగ్య సమాచారం: నునావుట్ కోసం పేజీ తయారు చేసే పద్ధతి

కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్‌లో 25 ఊళ్లు ఉన్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. విమానం ఎక్కాలి, లేదంటే చలికాలంలో స్నోమొబైల్, వేసవిలో పడవ. జనాభా 40 వేల చుట్టుపక్కల. అందులో నూటికి 85 మంది దాకా ఇన్యూట్ అనే ఆర్కిటిక్ ఆదివాసులు. పూర్తి స్థాయి ఆసుపత్రి రాజధాని ఇకాలుయిట్‌లో ఒక్కటే. మిగతా ఊళ్లలో చాలావరకు నర్సులే నడిపే ఆరోగ్య కేంద్రాలు. డాక్టరు వచ్చిపోతూ ఉంటారు. ఇలాంటి చోట రాత్రిపూట బిడ్డకు జ్వరం వస్తే తల్లి మొదట చూసేది ఫోన్‌నే. అందులో ఆమెకు దొరికేది ఏదో పెద్ద నగరంలో, వేరే తిండి తినేవాళ్ల కోసం, వేరే భాషలో రాసిన సలహా. అది ఆమెకు పనికిరాదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది.

ఆ లోటు తీర్చే పేజీలు ఎలా తయారు చేయాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం. ఉదాహరణలు ఎక్కువగా నునావుట్‌వే. అలాస్కాలోని యుపిక్ ఆదివాసుల ఊళ్లకూ, నార్వే, స్వీడన్, ఫిన్లండ్‌లలోని సామి ఆదివాసులకూ వర్తించే చోట ఆ సంగతీ చెబుతాం. కెనడాలో ఐటీలోనో నర్సింగ్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు ఇలాంటి పని ఎదురైతే మొదటి వారంలోనే అక్కరకొచ్చే విషయాలివి.

మొదటి మెట్టు: పేజీ ఎవరిదో తేల్చుకోండి

డిజైన్ కంటే, హోస్టింగ్ కంటే ముందు ఇది. 1940ల నుంచి 1960ల దాకా క్షయ సోకిన ఇన్యూట్‌లను సీ.డీ. హావ్ లాంటి ఓడల్లో ఎక్కించి దక్షిణాన ఉన్న శానటోరియంలకు (క్షయ ఆసుపత్రులకు) తరలించారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్లను ఎక్కడ పూడ్చారో కూడా కుటుంబాలకు చెప్పలేదు. దీనికి కెనడా ప్రధాని ఇకాలుయిట్‌లో క్షమాపణ చెప్పింది 2019 మార్చిలో. మీ పేజీ తెరిచే మనిషి నాయనమ్మో తాతో ఆ ఓడ ఎక్కి ఉండవచ్చు. ‘క్షయ పరీక్షకు రండి’ అని ప్రభుత్వ గొంతుతో రాస్తే వాళ్లు ఎందుకు వెనకడుగు వేస్తారో ఈ చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది.

కాబట్టి ఊరి పాలక మండలితో, ప్రాంతీయ ఇన్యూట్ సంస్థతో, ప్రభుత్వ ఆరోగ్య శాఖతో ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. అందులో నాలుగు సంగతులు తప్పక ఉండాలి. రాతకు, ఫొటోలకు, ఆడియోకు హక్కుదారు ఎవరు. పేజీని తీసేసే అధికారం ఎవరికి. చూసినవాళ్ల లెక్కలు ఎక్కడ నిల్వ ఉంటాయి. నిధులు అయిపోయాక డొమైన్ పేరు ఎవరి చేతికి వెళ్తుంది. చివరిది చాలామంది మరిచిపోతారు. ప్రాజెక్టు ముగిసి, డొమైన్ రెన్యూవల్ కాక, ఆ చిరునామాను ఎవరో కొనుక్కుంటే, క్లినిక్ గోడ మీది పోస్టర్‌లో ఉన్న లింకు జూదం సైటుకు పోతుంది.

జనాన్ని సర్వే చేసినా, ఇంటర్వ్యూ చేసినా అది పరిశోధన కింద లెక్క. నునావుట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి లైసెన్సు కావాలి. ఇన్యూట్ జాతీయ సంస్థ ఇన్యూట్ తపిరీత్ కనతామి 2018లో తెచ్చిన పరిశోధన వ్యూహాన్ని చదివి, అందులోని షరతులను ఒప్పందంలోకి తీసుకోండి. సలహా ఇచ్చే పెద్దలకు, అనువాదకులకు, పరీక్షించి చెప్పేవాళ్లకు డబ్బు ఇవ్వాలి. ఆ పద్దు బడ్జెట్‌లో మొదటి వరుసలో ఉండాలి.

రెండో మెట్టు: ఏ ప్రశ్నకు జవాబు ఇస్తున్నారు?

‘మధుమేహం: ఒక పరిచయం’ లాంటి పేజీలు ప్రపంచంలో కొల్లలుగా ఉన్నాయి. ఈ ఊళ్లవాళ్లు వెతికేవి వేరు. వైద్యం కోసం దక్షిణానికి వెళ్లాలంటే టికెట్ ఎవరు ఇస్తారు? తోడుగా ఒకరిని తీసుకెళ్లవచ్చా? అక్కడ ఎక్కడ ఉండాలి? నునావుట్‌లోని మూడు ప్రాంతాల్లో కికిక్తాలుక్‌వాళ్లు ఒట్టావా వెళ్తారు, కివల్లిక్‌వాళ్లు విన్నిపెగ్, కిటిక్‌మియోట్‌వాళ్లు యెల్లోనైఫ్, ఎడ్మంటన్. మూడు ప్రాంతాలకూ కలిపి ఒకే పేజీ రాస్తే మూడింటికీ తప్పే అవుతుంది. చాలా ఊళ్లలో గర్భిణులు నెలలు నిండకముందే ఊరు వదిలి పెద్ద ఊళ్లో కాన్పు కోసం ఎదురుచూడాలి. వెనక ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారన్నదే వాళ్ల దిగులు. దానికి జవాబు లేని ‘గర్భిణుల సంరక్షణ’ పేజీ సగం పేజీయే.

ఆరోగ్య కేంద్రం నర్సుతో, అక్కడి ఇన్యూట్ దుబాసీతో కూర్చుని, ఎక్కువగా అడిగే పది ప్రశ్నలు రాయించుకోండి. దుబాసీ చెప్పేదానికి ఎక్కువ విలువ ఇవ్వండి. నర్సులు మారుతుంటారు, దుబాసీ ఆ ఊరి మనిషి. ఆ పదింటితో మొదలుపెడితే చాలు.

మూడో మెట్టు: తిండి గురించి రాయడం

ఎక్కువ సైట్లు దెబ్బతినేది ఇక్కడే, అందుకే దీని మీద కాస్త నిలుద్దాం. సీల్, కారిబూ అనే ఉత్తరాది దుప్పి, ఆర్కిటిక్ చార్ చేప, తిమింగలం చర్మం అక్కడి తిండి. ఇనుము, విటమిన్లు, ఒమేగా-3 కొవ్వులు వాటిలో పుష్కలం. దుకాణంలో అమ్మే సరుకు విమానంలో వచ్చినది: ధర ఎక్కువ, తాజాదనం తక్కువ. పైగా వేట అంటే తిండి ఒక్కటే కాదు. పంచుకోవడం, పిల్లలకు నేర్పడం, మనసు కుదుటపడటం కూడా అందులోనే ఉన్నాయి. మరోవైపు, దక్షిణ దేశాల ఫ్యాక్టరీల నుంచి గాలిలో, సముద్ర ప్రవాహాల్లో వచ్చే పాదరసం, పీసీబీలు అనే విష రసాయనాలు సముద్ర జంతువుల శరీరాల్లో పోగవుతున్నాయి. 1980లలో క్యుబెక్ ఉత్తరాన ఇన్యూట్‌లు ఉండే నునావిక్ ప్రాంతంలో తల్లిపాలలో పీసీబీలు బయటపడ్డ వార్త భయాన్ని ముందు మోసుకెళ్లింది, వివరణ తర్వాత వచ్చింది. ‘మన తిండి విషం’ అన్న మాట ఒకసారి నాటుకుంటే జనం వేటమాంసం మానేసి చిప్స్, కూల్‌డ్రింకుల వైపు వెళ్తారు. అది ఇంకా పెద్ద హాని.

సరిగ్గా రాస్తే ఎలా ఉంటుందో ఒక నిజమైన సలహాతో చూడండి. 2007, 2008లలో జరిగిన ఇన్యూట్ ఆరోగ్య సర్వే ఆధారంగా 2012లో నునావుట్‌లో ఒక సూచన ఇచ్చారు. గర్భవతులు, గర్భం దాల్చే వయసు స్త్రీలు రింగ్డ్ సీల్ కాలేయం తినకుండా, దాని బదులు ఆ సీల్ మాంసం తినాలని. దీన్ని పేజీలో ఈ క్రమంలో పెట్టండి:

మొదటి వాక్యం: మన వేటమాంసం మంచి తిండి, తింటూ ఉండండి.
రెండోది ఎవరికి వర్తిస్తుందో: గర్భంతో ఉన్నా, బిడ్డను కనాలనుకుంటున్నా ఇది మీ కోసం.
మూడోది ఏది, ఏ భాగం: రింగ్డ్ సీల్ కాలేయం మాత్రమే.
నాలుగోది బదులు ఏమిటి: అదే సీల్ మాంసం తినండి, దానిలోనూ ఇనుము బాగా ఉంది.
ఐదోది ఎందుకు: పాదరసం కాలేయంలో ఎక్కువగా చేరుతుంది, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.
చివరగా: మీరు ఇప్పటికే తిని ఉంటే కంగారు పడకండి, క్లినిక్‌లో నర్సును అడగండి.

‘సీల్‌లో పాదరసం: జాగ్రత్త!’ అని శీర్షిక పెట్టకండి. ఫేస్‌బుక్‌లో షేర్ అయ్యేది శీర్షిక ఒక్కటే. లోపల ఎంత జాగ్రత్తగా రాసినా అది ఎవరికీ చేరదు. ‘బిడ్డ కోసం ఎదురుచూస్తున్నారా? కాలేయం బదులు సీల్ మాంసం’ అంటే శీర్షికలోనే మొత్తం సలహా ఉంటుంది.

అలాస్కాలో ఇదే సూత్రం బొటులిజం (తిండిలో పుట్టే బ్యాక్టీరియా విషంతో వచ్చే ప్రాణాంతక జబ్బు) విషయంలో పనిచేస్తుంది. చేప తలలు, బీవర్ తోక, సీల్ కొవ్వు పులియబెట్టి తినడం అక్కడి పాత అలవాటు. పూర్వం గడ్డి పరిచిన గోతిలో, చల్లని నేలలో పెట్టేవారు, గాలి ఆడేది. ప్లాస్టిక్ బకెట్‌లో వేసి మూత బిగించి, వెచ్చగా ఉన్న ఇంట్లో పెడితే గాలి అందక, బొటులినం బ్యాక్టీరియా విషాన్ని తయారు చేస్తుంది. అక్కడి చేపల్లో, సముద్ర జంతువుల్లో ఎక్కువగా కనిపించే ‘ఈ’ రకం 3 డిగ్రీల సెల్సియస్‌ పైబడితే చాలు పెరగగలదు, కనుక ఫ్రిజ్‌లో పెట్టామన్న ధీమా చాలదు. ‘పులిసినది తినకండి’ అని రాస్తే ఎవరూ వినరు. ‘ప్లాస్టిక్, గాజు డబ్బాల్లో మూత బిగించి పులియబెట్టకండి, పెద్దలు చేసిన పద్ధతిలో చేయండి, తినేముందు 10 నిమిషాలు మరిగించండి, విషం విరుగుతుంది’ అని రాస్తే వింటారు. దాని కిందే పెద్ద అక్షరాల్లో లక్షణాలు: ఒకటి రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, నోరు ఎండిపోవడం, మింగలేకపోవడం, నీరసం మెడ నుంచి కిందికి పాకడం. వీటిలో ఏది కనిపించినా అదే క్షణం క్లినిక్‌కు ఫోన్ చేయాలి. యాంటీటాక్సిన్ అనే విరుగుడు మందు ఎంత త్వరగా పడితే అంత మేలు.

వాల్రస్ అనే సముద్ర జంతువు మాంసం గురించి రాసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. దక్షిణాన పందిమాంసానికి చెప్పే ‘గడ్డకట్టిస్తే ట్రైకినెల్లా పురుగు చస్తుంది’ అన్న సలహా ఇక్కడ పనికిరాదు. ఆర్కిటిక్ జాతి ట్రైకినెల్లా నేటివా గడ్డకట్టినా బతుకుతుంది. నునావిక్‌లో వేటగాళ్లు వాల్రస్ నాలుక ముక్కను కుజ్జువాక్‌లోని ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించుకునే ఏర్పాటు చాలా ఏళ్లుగా నడుస్తోంది. వేరే చోటి నుంచి కాపీ చేసి అతికించిన సలహా మనుషుల్ని ఎలా జబ్బుపాలు చేస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

నాలుగో మెట్టు: అనువాదం

నునావుట్‌లో ఇనుక్టిటుట్, ఇనుయిన్నాక్తున్, ఇంగ్లిష్, ఫ్రెంచి అధికార భాషలు. ఇనుక్టిటుట్‌కు ఎక్కువ చోట్ల సిలబిక్స్ అనే సొంత లిపి; పశ్చిమాన ఇనుయిన్నాక్తున్‌కు రోమన్ లిపి. మొదటి రెండింటినీ ఒకటిగా చూడకండి.

అనువాద యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2021లో, గూగుల్ 2024లో ఇన్యూట్ భాషను చేర్చాయి. కానీ ఈ భాషలో ఇంగ్లిష్‌తో జతగా దొరికే అతిపెద్ద భాండారం నునావుట్ శాసనసభ చర్చల రికార్డు. సభలో తీర్మానాల భాష వేరు, మాత్రలు ఎన్ని వేసుకోవాలో చెప్పే భాష వేరు. మందుల మోతాదు ఉన్న ఏ వాక్యాన్నీ యంత్రానికి వదలకండి.

పని ఇలా సాగాలి. ముందు ఇంగ్లిష్ మూలాన్ని కుదించండి: ఒక్కో వాక్యానికి ఒక్కో పని, 15 పదాల లోపు. తర్వాత ఒక అనువాదకుడు రాస్తారు. మూలం చూడని రెండో వ్యక్తి దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తారు. రెండింటినీ నర్సు పక్కపక్కన పెట్టి చూస్తారు. అంకెలను, ‘కాదు’, ‘వద్దు’, ‘ముందు’, ‘తర్వాత’ అన్న మాటలను విడిగా గుర్తుపెట్టి సరిచూడండి. ప్రాణం మీదికి వచ్చే తప్పులు వీటిలోనే దొర్లుతాయి. నిద్రాణ క్షయకు ఇచ్చే ఒక చికిత్సలో రెండు మందులు వారానికోసారి చొప్పున 12 వారాలు. ‘వారానికోసారి’ కాస్తా ‘రోజూ’ అయితే ఏమవుతుందో ఊహించండి. క్షయ క్రిములు ఒంట్లో నిద్రపోతున్న స్థితికీ, జబ్బు బయటపడ్డ స్థితికీ తేడా తెలిసేలా రాయకపోతే, మందు మొదలుపెట్టిన ఆరోగ్యవంతుణ్ణి ఊరంతా దూరం పెడుతుంది. పౌక్టూటిట్ అనే ఇన్యూట్ మహిళల సంస్థ క్యాన్సర్, లైంగిక ఆరోగ్యం మీద పదకోశాలు తెచ్చింది. కొత్త మాటలు పుట్టించే ముందు అవి చూడండి.

ఐదో మెట్టు: లిపి, ఫాంటు

అను ఫాంట్లలో టైప్ చేసిన పాత తెలుగు ఫైలును వెబ్‌లో అతికిస్తే ఎలా పిచ్చిగీతలు వస్తాయో, ప్రోసిల్, నునాకామ్ లాంటి పాత ఫాంట్లలో చేసిన ఇనుక్టిటుట్ పత్రాలదీ అదే కథ. తెర వెనక ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే. ఆరోగ్య శాఖ దగ్గర దొరికే పాత కరపత్రాలను ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒక చదువరితో అక్షరం అక్షరం సరిచూపించాకే వాడండి.

యూనికోడ్‌లో కెనడా సిలబిక్స్ ప్రధాన విభాగానికి 640 స్థానాలు. క్రీ, ఒజిబ్వే లాంటి భాషల అక్షరాలూ అందులోనే ఉన్నాయి. ఇనుక్టిటుట్‌కు కావలసినవి 150 చుట్టుపక్కల. వాటిని మాత్రం ఉంచి ఫాంటును కత్తిరించి, వోఫ్2 అనే కుదించిన వెబ్ ఫాంటు రూపంలో 25 కిలోబైట్ల లోపుకు తెచ్చుకోండి. నునావిక్‌వాళ్లు వాడే ‘ఐ’ వరుస అక్షరాలను పొరపాటున తీసేయకండి. వెబ్ పేజీలో భాషా కోడ్ తప్పకుండా పెట్టాలి, లిపి కోడ్‌తో సహా. లేకపోతే స్క్రీన్ రీడర్ దాన్ని ఇంగ్లిష్ అనుకుని అక్షరాలు దాటేస్తుంది.

ఈ లిపిలో అక్షరం ఏ దిక్కుకు తిరిగి ఉందన్న దాన్నిబట్టి అచ్చు మారుతుంది, పైన చుక్క పెడితే దీర్ఘం, పొల్లు హల్లు చిన్న గుర్తుగా పైన నిలుస్తుంది. అందుకే ఇటాలిక్ వద్దు, 16 పిక్సెళ్ల కంటే చిన్న బోల్డ్ వద్దు. చుక్క కలిసిపోయి దీర్ఘం ఎగిరిపోతుంది. మామూలు రాతకు 18 పిక్సెళ్లు, వరుసల మధ్య 1.6 రెట్లు పెట్టండి. పదాలు చాలా పొడుగు. ‘నాకు సరిగా వినపడటం లేదు’ అన్న మాట అంతా ఒకే పదం, రోమన్ లిపిలో 30 అక్షరాలు. 28 పిక్సెళ్ల శీర్షికగా పెడితే 320 పిక్సెళ్ల ఫోన్ తెర దాటిపోతుంది. బటన్లకు వెడల్పు బిగించకండి. పొడుగు పదాన్ని విరిచే అనుమతి స్టైల్‌షీట్‌లో ఇవ్వండి.

సామి భాషల్లో ఇబ్బంది వేరే రకం. ఉత్తర సామిలో అడ్డగీత ఉన్న ‘డి’ పెద్దక్షరం యూనికోడ్ 0110. ఐస్‌లాండ్ భాషలోని అక్షరం 00డీ0. కంటికి రెండూ ఒకటే. టైప్ చేసేవాళ్లు ఒకదాని బదులు ఇంకొకటి వాడితే వెతుకులాటలో పేజీ దొరకదు. సేవ్ చేసేటప్పుడే సరైనదానికి మార్చే చిన్న నిబంధన రాసుకోండి.

ఆరో మెట్టు: పేజీ బరువు

నునావుట్‌కు ఫైబర్ కేబుల్ లేదు. ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, సంకేతం ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 600 మిల్లీసెకన్లు. పేరు వెతకడం, కనెక్షన్, భద్రతా కరచాలనం, పేజీ కోరడం: నాలుగు రాకపోకలకు 2.4 సెకన్లు గడిచాకే మొదటి అక్షరం వస్తుంది. బయటి ఫాంటు, బయటి వీడియో, బయటి గణాంకాల కోడ్, ఇలా ఒక్కో కొత్త డొమైన్‌కూ మరో 1.8 సెకన్లు. అన్నీ మీ సర్వర్‌లోనే పెట్టండి.

రద్దీ వేళ సెకనుకు 256 కిలోబిట్ల వేగం అనుకోండి. 3 మెగాబైట్ల పేజీకి 94 సెకన్లు. 150 కిలోబైట్ల పేజీకి 5 సెకన్లు. ఆ 150లో పంపకం ఇలా: రాత, స్టైల్ 35, ఫాంటు 25, బొమ్మలు రెండు కలిపి 80, మిగతాది మార్జిన్. సిలబిక్స్ అక్షరం ఒక్కోటీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మన తెలుగు అక్షరాల్లాగే. బ్రాట్లీ కంప్రెషన్ ఆన్ చేస్తే బాగా తగ్గుతుంది. తక్కువ ఎత్తు ఉపగ్రహాల డిష్‌లు వచ్చాక కొన్ని ఇళ్లలో వేగం పెరిగింది. వాటిని చూసి బరువు పెంచకండి. డిష్ కొనలేని ఇంటికే మీ పేజీ అవసరం ఎక్కువ.

చదవడం కంటే వినడం ఇష్టపడే పెద్దలకు ప్రతి పేజీకీ ఆడియో ఉండాలి. మోనో, 32 కిలోబిట్ల ఎంపీ3 అయితే 3 నిమిషాలకు 720 కిలోబైట్లు. నొక్కితేనే దిగేలా, పక్కన సైజు రాసి పెట్టండి. అదే ఫైలును ఊరి ఎఫ్ఎం రేడియోకు ఇవ్వండి. అది ఏ వెబ్‌సైటు కంటే ఎక్కువమందికి చేరుతుంది.

ఏడో మెట్టు: నెట్ లేనప్పుడు

2011 అక్టోబర్ 6న అనిక్ ఎఫ్2 ఉపగ్రహం దారి తప్పినప్పుడు ఉత్తర కెనడాలో ఫోన్లు, ఇంటర్నెట్ ఆగి విమానాలు కూడా నిలిచాయి. 2023 జూన్‌లో ఉత్తర అలాస్కా తీరంలో సముద్రపు మంచు ఫైబర్ కేబుల్‌ను తెంపింది. మరమ్మతు అయ్యేసరికి సెప్టెంబర్ వచ్చింది. కనుక ముఖ్యమైన పేజీలు ఒకసారి తెరిస్తే ఫోన్‌లో నిలిచేలా సర్వీస్ వర్కర్ (నెట్ లేకున్నా పేజీని చూపే కోడ్) రాయండి, మొత్తం 5 మెగాబైట్ల లోపు. ప్రతి ఊరి ఆరోగ్య కేంద్రం ఫోన్ నంబరు అందులో తప్పనిసరి. తిండికి సంబంధించిన హెచ్చరికలను మాత్రం ఒక కిలోబైట్ విడి ఫైలులో ఉంచి, నెట్ తగలగానే ముందు దాన్ని తాజాపరచండి.

ఒక మినహాయింపు: లైంగిక ఆరోగ్యం, ఇంట్లో హింస పేజీలు తమంతట తాము ఫోన్‌లో దాగకూడదు. ఒకే ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడతారు. ఆ పేజీల్లో పైన ‘త్వరగా బయటికి’ బటన్ పెట్టండి. నొక్కగానే వాతావరణం పేజీ తెరుచుకోవాలి, వెనక్కి నొక్కినా పాత పేజీ రాకూడదు.

గణాంకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. గ్రీస్ ఫియోర్డ్‌లో ఉండేదే ఓ 150 మంది. ‘ఈ వారం ఆ ఊరి నుంచి గనేరియా పేజీ చూసినవారు: 1’ అన్న లెక్క బయటికొస్తే అది ఎవరో ఊరికి తెలిసిపోతుంది. ఐదు కంటే తక్కువ ఉన్న ఏ అంకెనూ చూపించకండి, ఊరివారీగా కాక ప్రాంతంవారీగా కలపండి, ఐపీ చిరునామాలు నిల్వ చేయకండి.

ఆత్మహత్య ఆలోచనల గురించిన పేజీలో పద్ధతుల ప్రస్తావన, మరణాల సంఖ్యలు వద్దు. 2023 నవంబర్ 30 నుంచి కెనడా అంతటా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988 నంబరు పనిచేస్తోంది, కానీ ఇంగ్లిష్, ఫ్రెంచిలలో. అందుకని దానితోపాటు నునావుట్ సొంత హెల్ప్‌లైన్ కమట్సియాక్తుట్ నంబరు, ఊరి నర్సు నంబరు తెర పైభాగంలోనే, వేలు పెడితే కాల్ వెళ్లేలా ఉండాలి.

ఎనిమిదో మెట్టు: పరీక్ష, నిర్వహణ

వసంతంలో బాతుల వేట, వేసవి చివర తిమింగలాల వేట ఉన్నప్పుడు ఊరు ఖాళీగా ఉంటుంది. అప్పుడు పరీక్ష పెట్టుకోకండి. ఐదుగురు చాలు: ఒక పెద్దావిడ, ఒక కొత్త తల్లి, ఒక వేటగాడు, ఒక హైస్కూల్ పిల్ల, క్లినిక్ దుబాసీ. ఫోన్ వాళ్లదే, కనెక్షన్ వాళ్లదే. ‘అర్థమైందా?’ అని అడిగితే మర్యాదకు అవునంటారు. ‘ఇది చదివి మీ చెల్లెలికి ఏం చెబుతారు?’ అని అడగండి. కాలేయం పేజీ చదివి ‘సీల్ తినొద్దంటున్నారు’ అని చెబితే పేజీ తప్పింది, మనిషి కాదు, తిరిగి రాయండి.

ప్రతి పేజీకీ రాసిన తేదీ, మళ్లీ చూడాల్సిన తేదీ, చూడాల్సిన మనిషి హోదా నమోదు చేయండి. తిండి సలహాలకు ఆరు నెలలు, ప్రయాణ నిబంధనలకు మూడు నెలలు, మిగతావాటికి ఏడాది. నాలుగు భాషల్లో ఒకటి పాతదిగా మిగిలితే నాలుగింటినీ తాత్కాలికంగా ఆపడమే మేలు. ఇంగ్లిష్‌లో ఒక మోతాదు, ఇనుక్టిటుట్‌లో ఇంకోటి కనిపిస్తే దేన్నీ నమ్మరు. ఇక జనం పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫేస్‌బుక్ గుంపుల్లో పెడతారు, అది మీ చేతి నుంచి జారిపోయిన ప్రతి. సలహా మారినా ఆ బొమ్మ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అందుకే తేదీని పేజీ అడుగున కాకుండా, సలహా వాక్యాలున్న అదే పెట్టెలో, అదే సైజు అక్షరాల్లో, నెల పేరుతో సహా పెట్టండి.